ఒకటే ఎం.2 స్లాట్ ఉన్న ల్యాప్‌టాప్: 512 జీబీ నుంచి 1 టీబీకి డిస్క్ ఇమేజ్‌తో మారడం ఎలా?

పేజీసెట్టర్:

అందరికీ నమస్కారం. ల్యాప్‌టాప్ 12వ తరం ఐ5, విండోస్ 11 హోమ్. లోపల ఎం.2 స్లాట్ (ఎస్ఎస్‌డీ బిగించే చోటు) ఒకటే, అందులో 512 జీబీ ఎన్‌వీఎంఈ (వేగంగా నడిచే రకం ఎస్ఎస్‌డీ). సీ డ్రైవ్‌లో 390 జీబీ నిండిపోయింది. 1 టీబీ ఎన్‌వీఎంఈ కొత్తది తెచ్చాను. స్లాట్ ఒకటే కావడంతో రెండూ ఒకేసారి పెట్టి క్లోన్ చేసే (ఒకదాన్నుంచి ఇంకోదాంట్లోకి నేరుగా నకలు తీసే) వీల్లేదు. చేతిలో 1 టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ ఉంది (550 జీబీ ఖాళీ, మిగతాది ఇంటి ఫొటోలు), 16 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి ఉంది.

ఉత్త ఫైళ్లే అయితే కాపీ చేసుకుని విండోస్ కొత్తగా ఎక్కించుకోవచ్చు. కానీ ఇది డీటీపీ (పేజీలు కూర్చే పని) మెషిన్. అను స్క్రిప్ట్ మేనేజర్, పేజ్‌మేకర్ 7, ఫాంట్లు, ప్రింటర్ సెట్టింగులు అన్నీ కుదిరి నడుస్తున్నాయి. మళ్లీ మొదట్నుంచి పేర్చాలంటే వారం పడుతుంది. అందుకే ఉన్నది ఉన్నట్టు మొత్తం డిస్క్‌ని ఇమేజ్ (డిస్క్ అంతటికీ ఫైలు రూపంలో నకలు) తీసి కొత్తదాంట్లో పోయాలని.

1. ఉచితంగా దొరికేవాటిలో ఏ సాఫ్ట్‌వేర్ మంచిది? యూట్యూబ్‌లో చాలామంది మాక్రియం రిఫ్లెక్ట్ ఫ్రీ అంటున్నారు, వెతికితే దొరకడం లేదు.
2. పాత ఎస్ఎస్‌డీ ఊడదీయక ముందు ఏమేం సరిచూసుకోవాలి?
3. తీసిన ఇమేజ్ బాగుందో లేదో ఎలా తెలుస్తుంది?
4. ఇదే ఇమేజ్‌ని ఇకమీదట బ్యాకప్‌గా కూడా వాడుకోవచ్చా?

---

బూట్‌సెక్టర్:

మాక్రియం ఫ్రీ ఆగిపోయిందండీ. ఉచిత వెర్షన్‌కి సెక్యూరిటీ ప్యాచ్‌లు 2024 జనవరి 1తో ముగిశాయి. ఇప్పుడు డబ్బు కట్టి వాడాలి. పాత వీడియోలు చూసి ఎవరెవరో దాచిపెట్టిన పాత సెటప్ ఫైళ్లు దింపుకోవద్దు. డిస్క్ మొత్తం చదివే అధికారం ఇవ్వబోయే ప్రోగ్రామ్ అది, ఊరూపేరూ లేని సైటు నుంచి తేకూడదు.

మీ అవసరానికి వీమ్ ఏజెంట్ ఫర్ మైక్రోసాఫ్ట్ విండోస్, ఫ్రీ ఎడిషన్ సరిపోతుంది. విండోస్ నడుస్తుండగానే వాల్యూమ్ షాడో కాపీ (వాడుకలో ఉన్న ఫైళ్లని కూడా ఉన్నవున్నట్టు పట్టుకునే విండోస్ సదుపాయం) ద్వారా ఇమేజ్ తీస్తుంది, నిండిన బ్లాకులే (డిస్క్‌లోని చిన్న ముక్కలు) తీసుకుంటుంది, పేజ్‌ఫైల్ లాంటి చెత్త వదిలేస్తుంది. తర్వాతి సారి నుంచి మారిన బ్లాకులు మాత్రమే తీస్తుంది. డౌన్‌లోడ్‌కి ఈమెయిల్‌తో రిజిస్టర్ అవ్వాలి, అంతే. ఉచిత ఎడిషన్‌లో బ్యాకప్ జాబ్ ఒక్కటే పెట్టుకోగలరు. ఇంటి మెషిన్‌కి ఒకటి చాలు.

విండోస్‌లోనే కంట్రోల్ ప్యానెల్ కింద 'బ్యాకప్ అండ్ రీస్టోర్ (విండోస్ 7)' అని పాతది ఒకటి ఇంకా కనిపిస్తుంది. 2017లో వచ్చిన విండోస్ 10 1709 వెర్షన్ నాటికే మైక్రోసాఫ్ట్ దాన్ని పక్కన పెట్టేసింది. పని చేస్తే చేస్తుంది. చేయకపోతే 80780119తో ముగిసే ఎర్రర్ ఇచ్చి 'చోటు లేదు' అంటుంది. ఎక్స్‌టర్నల్‌లో 550 జీబీ ఉంటే చోటు లేకపోవడమేంటని అందరూ తల పట్టుకుంటారు. అది అడిగే చోటు అక్కడ కాదు, లోపలి రికవరీ పార్టిషన్‌లో. పార్టిషన్ 500 ఎంబీ కన్నా చిన్నదైతే అందులో 50 ఎంబీ, పెద్దదైతే 320 ఎంబీ ఖాళీ ఉంటేనే షాడో కాపీకి కుదురుతుంది. దాని జోలికి పోకండి.

ఇక వరస. ముందుగా ఎన్‌క్రిప్షన్ (డిస్క్‌లోని డేటాకి వేసే తాళం) సంగతి. విండోస్ 11 హోమ్‌లో బిట్‌లాకర్ అన్న పేరుతో కనిపించదు గానీ, సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద 'డివైజ్ ఎన్‌క్రిప్షన్' అని ఉంటుంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే చాలా ల్యాప్‌టాపుల్లో అడగకుండానే ఆన్ అయి ఉంటుంది. ఆన్‌లో ఉంటే మీ అకౌంట్ పేజీలో డివైజుల దగ్గర రికవరీ కీ చూడండి. ఆరేసి అంకెల ఎనిమిది గుంపులు, మొత్తం 48. దాన్ని కాగితం మీద రాసుకోండి. ఫోన్‌లో ఫొటో తీసుకున్నా సరే, ఆ ల్యాప్‌టాప్‌లో మాత్రం దాచొద్దు. బయాస్‌లో (విండోస్ కన్నా ముందు వచ్చే సెట్టింగుల తెర) కొన్ని సెట్టింగులు మారిస్తే అది ఈ కీ అడగొచ్చు. పాత ఎస్ఎస్‌డీని తర్వాత బయటి పెట్టెలో పెట్టి చదవాలన్నా ఇదే కీ కావాలి.

రెండోది, నడుస్తున్న విండోస్ నుంచి తీసిన ఇమేజ్‌లో డేటా తాళం తీసినట్టే ఉంటుంది. అంటే లోపల డిస్క్‌కి ఎన్‌క్రిప్షన్ ఉన్నా, ఎక్స్‌టర్నల్‌లో ఉన్న ఇమేజ్‌కి ఉండదు. హార్డ్‌డిస్క్ ఎవరి చేతికైనా పోతే మొత్తం పోయినట్టే. జాబ్ పెట్టేటప్పుడు స్టోరేజ్ పేజీలోని అడ్వాన్స్‌డ్‌లో ఎన్‌క్రిప్షన్ టిక్ పెట్టి పాస్‌వర్డ్ ఇవ్వండి. ఆ పాస్‌వర్డ్ మర్చిపోతే వెనక్కి తెచ్చే దారి లేదు. రికవరీ కీ రాసుకున్న కాగితం మీదే అదీ రాసి, ఇంట్లో పత్రాలు ఉండే చోట పెట్టండి.

మూడోది ఎక్స్‌టర్నల్ ఫార్మాట్. డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ చూడండి. ఎన్‌టీఎఫ్ఎస్ అయితే ముందుకు వెళ్లండి. ఫ్యాట్32 అయితే ఒక ఫైలు 4 జీబీ దాటదు, ఇమేజ్ మధ్యలోనే ఆగిపోతుంది. ఫ్యాట్32ని డేటా పోకుండా ఎన్‌టీఎఫ్ఎస్‌గా మార్చే 'కన్వర్ట్' కమాండ్ విండోస్‌లోనే ఉంది. ఎక్స్‌ఫ్యాట్‌కి మాత్రం ఆ సదుపాయం లేదు, ఫొటోలు వేరేచోటికి తీసి ఫార్మాట్ కొట్టాల్సిందే. ఏది చేసినా ఫొటోలకి ఇంకో కాపీ ఉన్నాకే చేయండి.

ఇప్పుడు రికవరీ మీడియా, అంటే ఇమేజ్‌ని తిరిగి పోయడానికి బూట్ అయ్యే పెన్‌డ్రైవ్. జనం దీన్ని చివరికి వాయిదా వేస్తారు. ముందే చేయాలి. స్టార్ట్ మెనూలో వీమ్ ఫోల్డర్ కింద 'క్రియేట్ రికవరీ మీడియా' నడిపి, 16 జీబీ పెన్‌డ్రైవ్ ఎంచుకోండి (అందులో ఉన్నదంతా తుడిచేస్తుంది). 'ఈ కంప్యూటర్‌లోని హార్డ్‌వేర్ డ్రైవర్లు చేర్చు' అన్న టిక్ ఉండాలి. అయ్యాక ఆ పెన్‌డ్రైవ్‌తో ఒకసారి బూట్ అవ్వండి. బూట్ మెనూ కీ కంపెనీని బట్టి ఎఫ్12, ఎఫ్9, ఎస్కేప్ ఇలా మారుతుంది. లోపలికి వెళ్లాక మూడు చూడాలి: కీబోర్డు, మౌస్ పనిచేస్తున్నాయా? లోపలి ఎన్‌వీఎంఈ కనిపిస్తోందా? ఎక్స్‌టర్నల్ గుచ్చితే అదీ కనిపిస్తోందా? ఈ మూడూ అయితేనే బయటికి వచ్చి ఇమేజ్ మొదలుపెట్టండి. ఇమేజ్ ఎంత చక్కగా ఉన్నా, దాన్ని విప్పే చోట డిస్కే కనపడకపోతే 300 జీబీ ఫైలు పెట్టుకుని చూస్తూ కూర్చోవాలి.

జాబ్‌లో 'ఎంటైర్ కంప్యూటర్' ఎంచుకోండి. ఈఎఫ్ఐ పార్టిషన్ (బూట్ ఫైళ్లు ఉండే భాగం) ఇమేజ్‌లో లేకపోతే రీస్టోర్ తర్వాత బూట్ అవ్వదు. టార్గెట్ 'లోకల్ స్టోరేజ్', అంటే మీ ఎక్స్‌టర్నల్. 390 జీబీకి ఇమేజ్ 250 నుంచి 300 జీబీ మధ్య రావచ్చు. జేపీఈజీలు, వీడియోలు ఎక్కువుంటే పెద్దగా కుదించుకోదు. యూఎస్‌బీ 3 పోర్టులో మామూలు హార్డ్‌డిస్క్ సెకనుకు 100 ఎంబీ అటూఇటూ రాస్తుంది కాబట్టి గంటలోపు లేదా కాస్త ఎక్కువ. అదే యూఎస్‌బీ 2 పోర్టులో గుచ్చితే సెకనుకు 30, 35 ఎంబీ. రెండు నుంచి మూడు గంటలు పడుతుంది. హబ్ పెట్టొద్దు, నేరుగా గుచ్చండి. హబ్‌లో కరెంటు చాలక డ్రైవ్ మధ్యలో మాయమై మళ్లీ వస్తుంది, జాబ్ ఫెయిల్ అవుతుంది. పవర్ సెట్టింగ్స్‌లో స్లీప్ 'నెవర్' పెట్టి, చార్జర్ గుచ్చి, మూత తెరిచే ఉంచండి.

---

పెంగ్విన్_మామ:

బూట్‌సెక్టర్ గారు చెప్పిన వరసతో పేచీ లేదు. కాకపోతే రిజిస్ట్రేషన్లూ, బ్యాక్‌గ్రౌండ్ సర్వీసులూ వద్దనుకునే వాళ్లకి క్లోన్‌జిల్లా ఉంది, పెన్‌డ్రైవ్ నుంచి బూట్ అయి ఇమేజ్ తీస్తుంది. తైవాన్‌లోని ఎన్‌సీహెచ్‌సీ వాళ్లది, ఉచితం, ఓపెన్ సోర్స్. నీలం తెర, బాణం కీలు చూసి భయపడితే రెస్క్యూజిల్లా వాడండి. మౌస్‌తో నడుస్తుంది, క్లోన్‌జిల్లా ఇమేజ్‌లనే చదువుతుంది.

క్లోన్‌జిల్లా దారి ఇలా ఉంటుంది: డివైజ్-ఇమేజ్, లోకల్ డెవ్, ఇమేజ్ దాచాల్సిన పార్టిషన్ (మీ ఎక్స్‌టర్నల్), బిగినర్, సేవ్‌డిస్క్, ఇమేజ్ పేరు, తీయాల్సిన డిస్క్. చివర్లో 'తీసిన ఇమేజ్ రీస్టోర్‌కి పనికొస్తుందా చెక్ చేయాలా' అని అడిగితే అవునని చెప్పండి. సమయం పడుతుంది, పట్టనివ్వండి.

అయితే మీ మెషిన్‌కి మూడు గండాలున్నాయి, తెలిసి దిగండి.

ఒకటి, ఫాస్ట్ స్టార్టప్. విండోస్ 'షట్‌డౌన్' అన్నా నిజంగా షట్‌డౌన్ అవ్వదు, సగం హైబర్నేట్ అవుతుంది. ఎన్‌టీఎఫ్ఎస్ తెరిచి ఉన్నట్టే మిగిలిపోతుంది. క్లోన్‌జిల్లా అది చూసి మొండికేస్తుంది. షిఫ్ట్ నొక్కి పట్టుకుని షట్‌డౌన్ కొట్టండి. లేదా అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో హైబర్నేషనే ఆపేయండి (పలికినట్టు రాస్తున్నా: పవర్‌సీఎఫ్‌జీ, ఖాళీ, స్లాష్ హెచ్, ఖాళీ, ఆఫ్). దీనివల్ల ర్యామ్ సైజును బట్టి సీ డ్రైవ్‌లో కొన్ని జీబీలు కూడా ఖాళీ అవుతాయి.

రెండు, డివైజ్ ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉంటే బయటి నుంచి బూటయ్యే ఏ టూలుకైనా సీ డ్రైవ్ అంతా అర్థం కాని రాళ్లకుప్పే. ఏది నిండిందో ఏది ఖాళీయో తెలియదు కాబట్టి సెక్టర్ సెక్టర్‌గా 476 జీబీ మొత్తం కాపీ చేస్తుంది, ఎన్‌క్రిప్ట్ అయిన డేటా కుదించుకోదు కూడా. మీ 550లో ఇరుక్కుంటూ పడుతుంది. ముందు డిక్రిప్ట్ చేసుకోవాలి, లేదా విండోస్ లోపలి నుంచి తీసే సాఫ్ట్‌వేరే వాడాలి.

మూడు, ఇందులోంచి ఒక్క ఫైలు కావాలంటే తీయడం తేలిక కాదు. డిస్క్ మొత్తం పోసుకోవడానికి బాగుంటుంది, 'నిన్నటి పేజ్‌మేకర్ ఫైలు ఒకటి ఇవ్వు' అంటే ఇవ్వదు.

అంచేత మీ పనికి వీమ్ నా ఓటు కూడా. క్లోన్‌జిల్లా పెన్‌డ్రైవ్ మాత్రం ఇంట్లో ఒకటి ఉంచుకోండి, పాత డెస్క్‌టాపులకి పనికొస్తుంది.

ఇంకో మాట. ఎన్‌వీఎంఈని యూఎస్‌బీకి తగిలించే పెట్టెలు వెయ్యి, పదిహేను వందలకి దొరుకుతున్నాయి. అది కొంటే కొత్త ఎస్ఎస్‌డీని అందులో పెట్టి నేరుగా క్లోన్ కొట్టొచ్చు. మార్పిడి అయ్యాక పాత 512ని అదే పెట్టెలో పెట్టి బ్యాకప్‌కి వాడుకోవచ్చు. కొనేముందు ఎన్‌వీఎంఈ పెట్టా, సాటా ఎం.2 పెట్టా చూసుకోండి. చూపులకి ఒకేలా ఉంటాయి, ఒకదాన్లో పనిచేసేది ఇంకోదాన్లో చేయకపోవచ్చు.

---

పేజీసెట్టర్:

ఇద్దరికీ ధన్యవాదాలండీ. వీమ్ పెట్టాను, ఎన్‌క్రిప్షన్ ఆన్‌లోనే ఉంది, కీ రాసుకున్నాను. ఎక్స్‌టర్నల్ ఎన్‌టీఎఫ్ఎస్సే. పెన్‌డ్రైవ్‌తో బూట్ అయితే కీబోర్డు, మౌస్ ఓకే, ఎక్స్‌టర్నల్ కనిపిస్తోంది. లోపలి ఎన్‌వీఎంఈ మాత్రం జాబితాలో లేదు. విండోస్‌లోకి వెళ్తే మామూలుగానే నడుస్తోంది. డ్రైవర్లు చేర్చే టిక్ పెట్టానో లేదో గుర్తు లేదు. బయాస్‌లో వీఎండీ అని ఒకటుంది, అది ఆపేస్తే కనపడుతుందని ఒకచోట చదివాను. ఆపేయనా?

---

బూట్‌సెక్టర్:

ఆపొద్దు! ముందు ఆ చేయి వెనక్కి తీయండి.

జరిగిందేంటంటే, 11వ తరం ఇంటెల్ నుంచి చాలా ల్యాప్‌టాపుల్లో ఎన్‌వీఎంఈ నేరుగా కనిపించదు, వీఎండీ అనే కంట్రోలర్ వెనక ఉంటుంది. విండోస్‌లో దాని డ్రైవర్ ఉంది కాబట్టి అక్కడ కనిపిస్తోంది. పెన్‌డ్రైవ్‌లోని చిన్న విండోస్‌లో ఆ డ్రైవర్ లేదు కాబట్టి కనిపించట్లేదు. డిస్క్ బాగానే ఉంది, దారి తెలియట్లేదంతే.

వీఎండీ ఆపేస్తే పెన్‌డ్రైవ్‌కి డిస్క్ కనిపిస్తుంది, నిజమే. కానీ మీ అసలు విండోస్ ఆ డ్రైవర్‌నే నమ్ముకుని బూట్ అవుతోంది. మరుసటి బూట్‌కి 'ఇనాక్సెసిబుల్ బూట్ డివైజ్' అని నీలం తెర వస్తుంది. దానికి తోడు బిట్‌లాకర్ కీ అడుగుతుంది. పొరపాటున ఇప్పటికే ఆపి ఉంటే కంగారుపడక్కర్లేదు, మళ్లీ ఆన్ చేస్తే యథాతథంగా లేస్తుంది.

సరైన దారి: రికవరీ మీడియా మళ్లీ తయారుచేయండి, ఈసారి హార్డ్‌వేర్ డ్రైవర్ల టిక్ తప్పకుండా పెట్టి. అప్పటికీ కనపడకపోతే మీ ల్యాప్‌టాప్ కంపెనీ సపోర్ట్ పేజీలో మోడల్ నంబర్ కొట్టి 'ఇంటెల్ రాపిడ్ స్టోరేజ్ టెక్నాలజీ' డ్రైవర్ దింపుకోండి. కావాల్సింది ఐఏ-స్టోర్-వీడీ అన్న పేరున్న ఐఎన్ఎఫ్ ఫైలూ, దానితో పాటు అదే ఫోల్డర్‌లో ఉండే మిగతావీ. కొన్నిచోట్ల జిప్‌లో విడిగా ఇస్తారు. ఒకే సెటప్ ఫైలుగా ఇచ్చి ఉంటే దాన్ని కమాండ్ ప్రాంప్ట్ నుంచి 'ఎక్స్‌ట్రాక్ట్ డ్రైవర్స్' స్విచ్‌తో నడిపి ఏదో ఒక ఫోల్డర్‌లోకి విప్పుకోవాలి. ఆ ఫోల్డర్‌ని మీడియా తయారీలో 'అదనపు డ్రైవర్లు' దగ్గర చూపించండి. ఒక కాపీ ఎక్స్‌టర్నల్‌లో కూడా పెట్టండి. అవసరమైతే రికవరీ తెరలో టూల్స్ కింద 'లోడ్ డ్రైవర్'తో అప్పటికప్పుడు ఎక్కించుకోవచ్చు.

పాతది స్లాట్‌లో ఉండగానే ఇది సరిచేసుకోవడం ఎందుకంటే, కొత్త ఎస్ఎస్‌డీ బిగించాక కనపడకపోతే బిగింపు తప్పా, ఎస్ఎస్‌డీ తప్పా, డ్రైవరా అని మూడు అనుమానాలు. ఇప్పుడైతే ఒక్కటే.

---

చదరంగం64:

సాఫ్ట్‌వేర్ లైసెన్సుల గురించి ఎవరూ ఎత్తలేదు కాబట్టి చెప్తున్నా.

విండోస్ యాక్టివేషన్‌కి ఢోకా లేదు. డిజిటల్ లైసెన్స్ ప్రధానంగా మదర్‌బోర్డుని చూస్తుంది, ఎస్ఎస్‌డీ మార్చితే ఏమీ అనదు. యూఎస్‌బీ డాంగిల్‌తో (లైసెన్స్ తాళంచెవి లాంటి చిన్న పరికరం) నడిచే డీటీపీ సాఫ్ట్‌వేర్‌కీ ఇబ్బంది లేదు, డాంగిల్ అదే కదా.

చిక్కు ఎక్కడంటే హార్డ్‌డిస్క్ నంబర్ చూసి తాళం వేసుకునే పాత సాఫ్ట్‌వేర్లతో. ఇందులో రెండు రకాలు. కొన్ని వాల్యూమ్ సీరియల్ నంబర్ చూస్తాయి. ఇది ఎన్‌టీఎఫ్ఎస్ బూట్ సెక్టర్‌లో రాసి ఉంటుంది, ఇమేజ్‌తో పాటే కొత్త డిస్క్‌కి వస్తుంది, సాఫ్ట్‌వేర్‌కి తేడా తెలియదు. కొన్ని డిస్క్ ఫర్మ్‌వేర్‌లోని అసలు సీరియల్ చూస్తాయి. అది ఏ ఇమేజ్‌తోనూ రాదు. మీది ఏ రకమో ముందే తెలియదు కాబట్టి, డీయాక్టివేట్ లేదా సరెండర్ (లైసెన్స్ వెనక్కి ఇచ్చేయడం) అనే ఆప్షన్ ఉన్న సాఫ్ట్‌వేర్‌ని పాత డిస్క్ మీద ఉండగానే సరెండర్ చేసేయండి. కాకపోతే ఇమేజ్ తీశాక సరెండర్ చేస్తే, ఇమేజ్‌లో యాక్టివ్‌గా, కంపెనీ సర్వర్లో సరెండర్ అయినట్టుగా ఉండి గందరగోళం అవుతుంది. ముందు సరెండర్, తర్వాత ఇమేజ్.

రెండోది వన్‌డ్రైవ్. ఫోల్డర్‌లో ఫైలు పక్కన మబ్బు గుర్తు ఉంటే ఆ ఫైలు మీ డిస్క్ మీద లేదు, దాని పేరు మాత్రమే ఉంది. ఇమేజ్‌లోకి కూడా పేరే వస్తుంది. ముఖ్యమైన ఫోల్డర్ల మీద రైట్ క్లిక్ చేసి 'ఆల్వేస్ కీప్ ఆన్ దిస్ డివైజ్' పెట్టి, ఆకుపచ్చ టిక్కులు వచ్చాకే ఇమేజ్ తీయండి. ఇది తెలియక 'ఇమేజ్ తీశాంగా' అనుకుని క్లౌడ్‌లో డిలీట్ కొట్టేవాళ్లున్నారు.

మూడోది, క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో దింపి పాత ఎస్ఎస్‌డీతో పాటు ఎక్స్‌టర్నల్ ఆరోగ్యం కూడా ఒకసారి చూడండి. ఎక్స్‌టర్నల్‌లో 05 (రీ-అలొకేటెడ్), సీ5 (కరెంట్ పెండింగ్) వరసల్లో 'రా వాల్యూస్' సున్నా కాకుండా ఉంటే దాని మీద ఇమేజ్ పెట్టుకోవడం ఇసుక మీద గోడే. ఇమేజ్ తీసేటప్పుడు 'సైక్లిక్ రిడండన్సీ చెక్' అని ఎర్రర్ వస్తే మూలం డిస్క్‌లో చదవలేని సెక్టర్లున్నాయని. అప్పుడు పదేపదే ప్రయత్నించొద్దు, చెక్‌డిస్క్ స్లాష్ ఆర్ (డిస్క్ అంతా వెతికి సరిచేయబోయే విండోస్ కమాండ్) అసలే వద్దు. ఆరిపోబోయే డిస్క్‌ని అది ఇంకా పరిగెత్తిస్తుంది. ముందు మీ పని ఫైళ్లు కాపీ చేసుకుని, తర్వాత లినక్స్‌లో డీడీ-రెస్క్యూతో డిస్క్ మొత్తం తీయండి. అది బాగున్న చోట్లు ముందు చదివేసి, మొరాయించే చోట్లకి చివర్లో వెళ్తుంది.

---

పేజీసెట్టర్:

డ్రైవర్ టిక్‌తో మళ్లీ చేశాను, ఈసారి లోపలి డిస్క్ కనిపించింది. ఇమేజ్ అయింది: 271 జీబీ, గంటా పది నిమిషాలు. పాస్‌వర్డ్ పెట్టాను. ఊడదీయబోయే ముందు రెండు సందేహాలు. ఇమేజ్‌ని ఎలా పరీక్షించను? రీస్టోర్ అయ్యాక సీ డ్రైవ్ 476 దగ్గరే ఆగిపోయి మిగతాది ఖాళీగా పడి ఉంటుందంటున్నారు, నిజమేనా?

---

బూట్‌సెక్టర్:

పరీక్ష రెండు మెట్లు. మొదటిది విండోస్‌లోనే: వీమ్‌లో ఫైల్ లెవల్ రీస్టోర్ తెరిస్తే ఇమేజ్ లోపలి ఫోల్డర్లు ఎక్స్‌ప్లోరర్‌లాగా కనిపిస్తాయి. వేర్వేరు ఫోల్డర్ల నుంచి ఓ పది ఫైళ్లు తీయండి. అందులో రెండు జీబీ దాటిన వీడియో ఒకటి, ఈ వారం సేవ్ చేసిన పేజ్‌మేకర్ ఫైలు ఒకటి, పాత ఫాంట్ ఫైలు ఒకటి ఉండాలి. వేరే ఫోల్డర్లో పెట్టి తెరిచి చూడండి. రెండోది: పెన్‌డ్రైవ్‌తో బూట్ అయి, బేర్ మెటల్ రికవరీలో (కంప్యూటర్ మొత్తాన్నీ తిరిగి పోసే ఆప్షన్) ఎక్స్‌టర్నల్‌లోని బ్యాకప్‌ని చూపించి, పాస్‌వర్డ్ కొట్టి, రీస్టోర్ పాయింట్ కనిపించే వరకు వెళ్లి వెనక్కి వచ్చేయండి. పాస్‌వర్డ్ అక్కడ కొట్టి చూడటం ముఖ్యం. అక్కడి కీబోర్డు లేఅవుట్ అమెరికన్ ఇంగ్లిష్ కావచ్చు. మీ పాస్‌వర్డ్‌లో రూపాయి గుర్తు లాంటిది ఉంటే అక్కడ టైప్ చేయలేకపోవచ్చు.

అసలైన పరీక్ష మాత్రం కొత్త ఎస్ఎస్‌డీ మీద పోయడమే. మీ విషయంలో అదృష్టం ఏంటంటే పాత 512 చెక్కుచెదరకుండా చేతిలో ఉంటుంది. కొత్తది లేవకపోతే పాతది మళ్లీ బిగించుకోవచ్చు. అందుకే ఫార్మాట్ కొట్టకుండా కనీసం రెండు వారాలు పక్కన పెట్టండి. మీ పనిలో ఓ పత్రిక, ఓ పెళ్లికార్డు, ఓ పుస్తకం ప్రింటుకి వెళ్లేదాకా అనుకోండి.

ఇక సీ డ్రైవ్ ఆగిపోవడం. నిజమే, దానికి కారణముంది. మీ డిస్క్‌లో పార్టిషన్లు ఈ వరసలో ఉంటాయి: ఈఎఫ్ఐ, 16 ఎంబీల ఎంఎస్ఆర్ (విండోస్ తన కోసం అట్టేపెట్టుకునేది), సీ, చివర్న రికవరీ. ఉన్నదున్నట్టు పోస్తే రికవరీ పార్టిషన్ సీకి ఆనుకుని కూర్చుంటుంది, దాని తర్వాత ఖాళీ. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సీని పెంచాలంటే పక్కనే ఖాళీ ఉండాలి, మధ్యలో ఈ అడ్డుగోడ ఉంది కాబట్టి 'ఎక్స్‌టెండ్' బూడిదరంగులో చచ్చి పడుంటుంది.

అందుకని రీస్టోర్‌లోనే సరిచేయండి. 'మాన్యువల్ రీస్టోర్'లోకి వెళ్లి 'కస్టమైజ్ డిస్క్ మ్యాపింగ్' తెరవండి. కొత్త డిస్క్ మీద పాత డిస్క్ లేఅవుట్ అమర్చాక, రికవరీ పార్టిషన్ని తీసేయండి. సీ మీద రైట్ క్లిక్ చేసి రీసైజ్. 1 టీబీ అక్కడ 931 జీబీగా కనిపిస్తుంది. చివర్న 2 జీబీ వదిలి మిగతాది సీకి ఇవ్వండి. వదిలిన చోట్లో రికవరీ పార్టిషన్ మళ్లీ పెట్టండి. 'నెక్స్ట్' కొట్టే ముందు చూపుడువేలు తెర మీద పెట్టి చదవండి: టార్గెట్ 931 జీబీ ఉన్నవి రెండు కనిపిస్తాయి, ఎందుకంటే మీ ఎక్స్‌టర్నల్ కూడా 1 టీబీయే! సైజు చూసి ఎంచుకుంటే ఇమేజ్ ఉన్న డిస్క్ మీదే ఇమేజ్ పోయబోతారు. మోడల్ పేరు, ఎన్‌వీఎంఈయా యూఎస్‌బీయా చూసి ఎంచుకోండి. లోపలిది ఖాళీగా ఉంటుంది, బయటిదాన్లో మీ ఫొటోల పార్టిషన్ ఉంటుంది, అదే గుర్తు.

బిగించేటప్పుడు: షిఫ్ట్ పట్టుకుని షట్‌డౌన్, చార్జర్ తీసేయండి, బయాస్‌లో బ్యాటరీ డిసేబుల్ చేసే ఆప్షన్ ఉంటే వాడండి, లేదంటే మూత తీశాక ముందు బ్యాటరీ కనెక్టర్ ఊడదీయండి. ఎస్ఎస్‌డీ ఏటవాలుగా దూర్చి, బంగారు పళ్లు కనపడకుండా లోపలికి వెళ్లాక కిందికి వంచి స్క్రూ. అది బొత్తిగా చిన్న స్క్రూ, తెల్ల పళ్లెం పక్కన పెట్టుకోండి.

---

పెంగ్విన్_మామ:

రీస్టోర్ అయ్యాక చూడాల్సినవి రెండు. అడ్మిన్ ప్రాంప్ట్‌లో రీ-ఏజెంట్-సీ స్లాష్ ఇన్ఫో కొడితే విండోస్ ఆర్ఈ (విండోస్ రికవరీ) 'ఎనేబుల్డ్' అని రావాలి. 'డిసేబుల్డ్' అంటే అదే కమాండ్ స్లాష్ ఎనేబుల్‌తో కొట్టండి. రెండోది డివైజ్ ఎన్‌క్రిప్షన్. పోసిన సీ డ్రైవ్ తాళం లేకుండా వస్తుంది, సెట్టింగ్స్‌లోకి వెళ్లి మళ్లీ ఆన్ చేయాలి. ఆన్ చేస్తే కీ కొత్తది వస్తుంది. పాత కాగితం కొట్టేయొద్దు, అది పాత ఎస్ఎస్‌డీకి కావాలి. రెండింటి మీదా ఏది దేనికో రాయండి.

పాతదాన్ని పెట్టెలో పెట్టి గుచ్చినప్పుడు ఒక తమాషా జరగొచ్చు. డిస్క్ గుర్తింపు నంబర్ కూడా ఇమేజ్‌తో వచ్చి ఉంటే రెండు డిస్కులకీ ఒకే నంబర్, విండోస్ ఒకదాన్ని 'ఆఫ్‌లైన్' చేస్తుంది. ఎప్పుడూ కొత్తదాంతో పూర్తిగా బూట్ అయ్యాకే పాతది గుచ్చండి. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఆఫ్‌లైన్ అని ఉన్న పాతదాని మీద రైట్ క్లిక్, ఆన్‌లైన్. దానికి కొత్త నంబర్ వేస్తుంది. ఆ తర్వాత ఆ పాత డిస్క్ నుంచి బూట్ అవ్వకపోవచ్చు కాబట్టి, రెండు వారాల గడువు అయ్యేదాకా గుచ్చకుండా ఉంటేనే మేలు.

---

చదరంగం64:

నాలుగో ప్రశ్న అలాగే ఉండిపోయింది. బ్యాకప్‌గా వాడుకోవచ్చు, కానీ రోజూ కూర్చుని నడపక్కర్లేదు. షెడ్యూల్‌లో 'బ్యాకప్ టార్గెట్ కనెక్ట్ అయినప్పుడు' అన్నది టిక్ చేసి, దాని కింద పని అయ్యాక డ్రైవ్‌ని ఎజెక్ట్ చేసే టిక్ కూడా పెట్టండి. శనివారం సాయంత్రం గుచ్చితే మారిన బ్లాకులు మాత్రం తీసుకుని తనే ఎజెక్ట్ అయిపోతుంది, మీరు వైరు పీకేయడమే. వైరు పీకడం తప్పనిసరి. రాన్సమ్‌వేర్ (ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే వైరస్) వస్తే గుచ్చి ఉన్న డ్రైవులన్నిటినీ నాకేస్తుంది, ఇమేజ్ ఫైలుకి మినహాయింపు ఏమీ ఉండదు.

ఒక ఫుల్ (మొదటి పూర్తి ఇమేజ్), దాని మీద ఇంక్రిమెంట్లు (తర్వాత మారిన బ్లాకులు) గొలుసులా ఉంటాయి. మధ్యలో ఒక లింకు పాడైతే దాని తర్వాతవేవీ తెరుచుకోవు. ఫోల్డర్‌లో ఏదో పాతదని చూసి చేత్తో డిలీట్ చేయొద్దు, గడువు దాటినవాటిని అదే ఫుల్‌లో కలిపేసుకుంటుంది. అలా కలిపేటప్పుడు డ్రైవ్‌లో కాస్త ఖాళీ కావాలి. 550లో 271 పోగా మీకు ఇబ్బంది లేదు గానీ, ఖాళీ 50 జీబీ కిందికి రానివ్వకండి.

ఇంకా, రోజూ మారే పని ఫైళ్లకి ఇమేజ్ మీదే ఆధారపడొద్దు. శనివారం నాటి ఇమేజ్‌లో గురువారం రాత్రి దిద్దిన ప్రూఫ్ ఉండదు. పని ఫోల్డర్‌ని విడిగా రోజూ క్లౌడ్‌కో వేరే పెన్‌డ్రైవ్‌కో కాపీ చేసుకోండి. ఫొటోలూ, ఇమేజూ ఒకే ఎక్స్‌టర్నల్‌లో ఉన్నాయన్నారు. ఆ ఫొటోలకి రెండో కాపీ ఎక్కడుంది?

---

పేజీసెట్టర్:

లేదండీ. ఈ పని అయ్యాక పాత 512ని పెట్టెలో పెట్టి ఫొటోలు దాన్లోకి తీస్తాను. రెండు వారాలాగి.